రవణమ్మ చేతి నెత్తళ్ళు

సైన్సు పీరియడ్‌లో పిల్లల్ని "మీకు ఏం తెలుసుకోవాలనుంది?" అని అడిగి చూడండి. మొదటి రోజు ఒక్కరూ నోరు విప్పరు. మీరు అడిగింది అర్థం కాక కాదు. బడిలో ప్రశ్న అడిగేది టీచరు, జవాబు చెప్పేది పిల్లలు అని అప్పటికే వాళ్ళకు బాగా అలవాటైపోయి ఉంటుంది. ఆ మౌనానికి కంగారుపడి మీరే నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాసేశారో, ఇక ఆ ఏడాదికి అంతే సంగతులు. కాసేపు ఓపిక పట్టండి. ఎవరో ఒకరు గోళ్ళు కొరుక్కుంటూ ఏదో అడుగుతారు. అక్కడి నుంచే అసలు ఉద్యోగం మొదలవుతుంది.

నా పేరు ఏస్తేరు. పుట్టింది గూడూరులో. రోజూ గూడూరు నుంచే బస్సెక్కి పోయి ఉద్యోగం చేశాను. సర్వీసులో చివరి ఏళ్ళన్నీ చిట్టమూరు అవతల, చేపలు పట్టుకుని బతికే ఒక పాళెంలో, ప్రాథమిక పాఠశాలలో గడిచాయి. ఈ మధ్య మా చర్చికి వచ్చే ఇద్దరు అమ్మాయిలకు టీచరు ఉద్యోగాలు వచ్చాయి. "ఆంటీ, చిన్నపిల్లల చేత ప్రాజెక్టులు ఎట్లా చేయించాల?" అని అడిగారు. చెప్పబోతే మాట ఎటెటో పోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాకు ఏ ఇంక్రిమెంటు ఎప్పుడు వచ్చిందో, ఏ బదిలీ ఎందుకు ఆగిందో ఇందులో ఉండవు. అవి చదివి మీరు బాగుపడేదీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నాలు

బడిలో ప్రాజెక్టు అనగానే తెల్లటి థర్మోకోల్ అట్ట, రంగు కాగితాలు, బజారులో అచ్చువేసి అమ్మే బొమ్మలు. అగ్నిపర్వతమో, సౌరకుటుంబమో. తల్లి అతికిస్తుంటే పిల్ల పక్కన కూర్చుని జిగురు వాసన చూస్తుంటుంది. మార్కులు ఎవరికి వేయాలో తెలియదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అలాంటివి చేయించేకన్నా ఆ సమయంలో పిల్లల్ని ఆడుకోనివ్వడం మేలు.

నేను శుక్రవారం మధ్యాహ్నం చివరి పీరియడ్లు పిల్లలకు వదిలేసేదాన్ని. ప్రశ్న వాళ్ళదే కావాలి. జవాబు పుస్తకంలో ఉండకూడదు. పాళెం దాటకుండా, తమ కళ్ళతో చూసి తేల్చుకోగలిగేదై ఉండాలి. ఇంతకుమించి నేను చెప్పిందేమీ లేదు.

మునిశేఖర్ అని నాలుగో తరగతి పిల్లాడు, నేను వచ్చే బస్సు కొన్ని రోజులే ఎందుకు లేటవుతుంది అని అడిగాడు. నాతోపాటు పనిచేసే సారు పగలబడి నవ్వాడు. నేను కానివ్వమన్నాను. వాడు రోజూ స్టాపులో నిలబడి కండక్టరును పీక్కుతిన్నాడు. తెల్లవారుజామున అదే బస్సు నిమ్మకాయల బస్తాలతో గూడూరు పోతుందని, కాయ ఎక్కువ దిగిన రోజు బస్తాలు దించేసరికి పొద్దెక్కుతుందని తేల్చాడు. "అమ్మా, నీ శిష్యుడు నామీద పరిశోధన చేస్తా ఉండాడు, చూసుకో" అని కండక్టరు నాకు ఫిర్యాదు చేశాడు. మీరు ఏమన్నా అనుకోండి, వాడు చేసింది సైన్సే.

ఒక శుక్రవారం మండల విద్యాధికారి తనిఖీకి వచ్చారు. గదిలో పురుగు కూడా లేదు. పిల్లలందరూ ఒడ్డున ఎండ్రకాయల, అంటే పీతల, బొరియల దగ్గర బోర్లా పడుకుని ఉన్నారు. బయటికి పోయిన ఎండ్రకాయ తన బొరియకే తిరిగి వస్తుందా, దొరికిన దాంట్లో దూరుతుందా అన్నది ఆ వారం తగువు. ఆయన ముఖం ఎర్రబడింది. "క్లాసు ఎక్కడమ్మా?" అని నన్ను గద్దించబోతుంటే కింది నుంచి ఒక పిల్ల తలెత్తకుండానే, "సార్, మీ నీడ పడి అది బయటికి రావడం లేదు. కొంచెం జరగండి" అంది. ఆయన జరిగాడు. కాసేపటికి ప్యాంటు పైకి మడుచుకుని తనూ కూర్చున్నాడు. పోయేటప్పుడు "సిలబస్ మాత్రం పూర్తిచెయ్యండి" అన్నాడు, అంతే. నేను చాలామంది అధికారుల్ని చూశాను. మంచి అధికారి ఎవరంటే ఆయన్నే చెబుతాను, పక్కకు జరగమంటే జరిగినందుకు.

పోలేశ్వరి అడిగింది

ఇప్పుడు మీకు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. పోలేశ్వరి ఐదో తరగతి. క్లాసులో చురుకైన పిల్ల అని ఎవరూ అనరు. ఎక్కాలు తప్పేది, పద్యం అప్పజెప్పమంటే కిందికి చూసేది. ఆ శుక్రవారం తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, "మేడం, మా అత్త చెయ్యి పెడితే చేపకి పురుగు ఎందుకు పడతాది?" అని అడిగింది.

ఎవరూ నవ్వలేదు. పాళెంలో అది అందరికీ తెలిసిన సంగతే.

వాళ్ళ అత్త పేరు రవణమ్మ, పోలేశ్వరి నాన్నకు చెల్లెలు. మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి తిరిగి వచ్చింది. ఆ పాళెంలో మగవాళ్ళు పట్టుకొచ్చిన నెత్తళ్ళను ఆడవాళ్ళు కడిగి, ఉప్పు పట్టించి, ఇసుకదిబ్బ మీద ఎండబెట్టి అమ్ముకుంటారు. నెత్తళ్ళంటే వేలెడంత ఉండే చిన్న చేపలు. ఎవరు ఎండబెట్టిన చేపలు వాళ్ళవి, ఆ ఆదాయం వాళ్ళది. రవణమ్మ వచ్చిన కొత్తలో ముసురుపట్టి ఆమె చేపలకు పురుగు పడింది. మరోసారీ పడింది. అంతే, "రవణమ్మ చెయ్యి మంచిది కాదు" అన్న మాట పుట్టింది. పాళెంలో అలాంటి మాట వస్తే ఒక పద్ధతి ఉంది. ఆ మనిషి దిబ్బ మధ్యలో కూర్చోకూడదు. చివరన, సీమతుమ్మ చెట్ల పక్కన ఒక మూల ఉంటుంది, అక్కడే ఎండబెట్టుకోవాలి. రవణమ్మను ఆ మూలకు పంపారు. అక్కడ ఆమె చేపలకు ప్రతిసారీ పురుగు పడింది. మాట మరింత గట్టిపడింది.

నేను ఆ పాళెం చూసేసరికి ఆమె చేపల జోలికి పోవడమే దాదాపు మానేసింది. నీళ్ళు మోసేది, వలలు దులిపేది. పెట్టింది తినేది. ఆమెను దూరం పెట్టిన వాళ్ళలో మొదటి మనిషి కన్నతల్లి కామాక్షమ్మ. చెడ్డ మనిషి కాదు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంటే తన చేపలు కూడా ఎవరూ కొనరేమోనని ఆమె భయం.

ఆ ప్రశ్న వినగానే నాకు భయం వేసింది. పరీక్ష పెట్టామనుకోండి, ఏ కారణం చేతనో రవణమ్మ చేపలకే పురుగు పడిందనుకోండి. అప్పటిదాకా అది ఊరి మాట. ఆ తర్వాత అది బడిలో, మేడం ముందు, సైన్సు పీరియడ్‌లో రుజువైన సంగతి అవుతుంది. ఆమె ఇక ఎప్పటికీ తలెత్తుకోలేదు. పోలేశ్వరిని పక్కకు పిలిచి, "ఇంకో ప్రశ్న ఏదైనా చూసుకుందాంలే అమ్మా" అన్నాను.

"ఎందుకు మేడం?"

"అత్త చేపకే పురుగు పడితే?"

ఆ పిల్ల నావైపు వింతగా చూసింది. "పడితే పడనీ మేడం. అప్పుడు కూడా ఎందుకు పడిందో చూడొచ్చు గదా!"

ఈ మాట నేను ఎన్నో శిక్షణ తరగతుల్లో కూర్చుని కూడా వినలేదు. తనకు ఇష్టమైన జవాబు రాకపోయినా ప్రశ్నను వదలకూడదని ఆ పిల్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను మాత్రం నేర్పలేదు.

అయినా బతుకు రవణమ్మది, మాది కాదు. సాయంత్రం బోరింగు దగ్గర ఆమెను కలిసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఫలితం ఎటైనా తిరగొచ్చని, వద్దంటే అక్కడితో ఆపేస్తానని చెప్పాను. ఆమె బిందె దించింది.

"చేయించు మేడం" అంది. "నాక్కూడా తెలియాల. నిజంగా నా చెయ్యే అయితే నేనే దూరంగా ఉంటా. కాకపోతే..."

ఆ మాట పూర్తిచేయకుండానే బిందె ఎత్తుకుని పోయింది. ఊరి మాటను ఆమె కూడా సగం నమ్మిందని నాకు అప్పుడే తెలిసింది. బస్సులో గూడూరు చేరేదాకా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను.

బడి వరండాలో

ముందు అసలు పురుగు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దామన్నాను. చేప లోపలి నుంచే పుడుతుందని క్లాసంతా ఒక్క మాటగా చెప్పారు. పెద్దవాళ్ళూ అదే అంటారు. ఒకే బుట్టలోని నెత్తళ్ళను రెండు చాటల్లో పరిచాం. ఒకదాని మీద మా ఇంటి పాత దోమతెర కప్పాం, రెండోది వదిలేశాం. కాకులు, కుక్కలు రాకుండా పిల్లలు వంతులు వేసుకుని కాపలా కాశారు.

మబ్బు పట్టిన రోజులు అవి. వదిలేసిన చాటలో పురుగు మెదిలింది. తెర కింద ఒక్కటీ లేదు. అదంతా మీరు ఊహించిందే. నేనూ ఊహించిందే. కానీ పోలేశ్వరి చేపల్ని చూడటం లేదు. తెరనే ముక్కు ఆనించి చూస్తోంది.

"మేడం, తెర మీద నూక ఉండాది."

వంగి చూశాను. దోమతెర కన్నాల అంచున, సన్నటి బియ్యపు నూక లాగా తెల్లటి చుక్కలు. చేపను అందుకోలేని ఈగలు తెర మీదే గుడ్లు పెట్టి పోయాయి. పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి చూశారు. పురుగు చేపలో పుట్టదు, ఈగ తెచ్చి పెడుతుంది. ఎంతోకాలం క్రితం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి అది. నేను పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కళ్ళారా చూడటం మాత్రం ఆ రోజే. ఆ మాట దాచుకోవలసిన పనేమీ లేదు.

పని అయిపోయిందనుకున్నాను. ఆ పిల్ల అనుకోలేదు.

"అవ్వ ఒప్పుకోదు మేడం. తెర దిష్టిని కూడా ఆపింది అంటది."

నిజమే. కామాక్షమ్మ అచ్చం అలాగే అంటుంది. మరి ఏం చేద్దామంటే, పోలేశ్వరి తర్వాతి వారమంతా బడి వదిలాక దిబ్బ మీద తిరిగింది. ఈగలు ఎక్కడ ఎక్కువ ముసురుతున్నాయో చూసి వచ్చింది. తిరిగి వచ్చినప్పుడు ముఖం మామూలుగా లేదు. "అత్త కూచునే మూల పక్కనే చేపల పేగులు పారేసే గుంట ఉండాది మేడం. తుమ్మ చెట్ల నీడకి ఎండ కూడా లేటుగా వస్తాది" అంది.

ఆ గుంటను నేను రోజూ ముక్కు మూసుకుని దాటేదాన్ని. పాళెంలో అందరూ దాటేవాళ్ళు.

తెలిసినవాళ్ళు చూడకూడదు

ఆ తర్వాత చేసిందంతా పోలేశ్వరి పన్నాగమే. రవణమ్మ, పోలేశ్వరి తల్లి, కామాక్షమ్మ ఈ ముగ్గురూ ఒకే కుప్పలోంచి నెత్తళ్ళు తీసుకుని తమ చేతులతోనే కడిగి ఉప్పు పట్టించాలి. ఉప్పు కొబ్బరి చిప్పతో కొలిచి అందరికీ ఒకేలా ఇచ్చింది. అవ్వను ఎలా ఒప్పించావే అంటే, "మేడం నీ చేతి చేప బాగుంటది అన్నది అని చెప్పినా" అంది. నేను ఆ మాట అనలేదు. అయినా ఊరుకున్నాను.

ముగ్గురి చేపల్నీ బడికి తెచ్చి, తలుపు మూసి, ఒకే రకం చాటల్లోకి మార్చింది. మార్చేటప్పుడు గరిటె వాడింది. తన చెయ్యి తగిలితే లెక్క తప్పుతుందట. ఒక్కొక్కరివి రెండేసి చాటలు. ఏది ఎవరిదో తెలియడానికి అడుగున ఒక్కొక్కరికి ఒక్కో రకం గవ్వ కట్టింది. ప్రతివాళ్ళదీ ఒక చాట దిబ్బ మధ్యలో, ఒకటి ఆ మూలలో పెట్టించింది.

"ఎవరిది ఎక్కడుందో నాకైనా చెప్పు" అన్నాను.

"మీకు అసలు చెప్పను మేడం. మీ మొహం చూస్తే అందరికీ తెలిసిపోతాది."

"మరి నువ్వు?"

"నేను దిబ్బ దగ్గరికే రాను. తెలిసినోళ్ళు చూడకూడదు, చూసేవోళ్ళకి తెలియకూడదు."

గుడిలోనో చర్చిలోనో నిలబడినప్పుడు మనకన్నా పెద్దది ఏదో ఇక్కడ ఉందని అనిపిస్తుంది చూడండి, ఆ మాట విన్నప్పుడు నాకు అలాగే అనిపించింది. ఎక్కాలు తప్పే పిల్ల అది. వాళ్ళ అవ్వ ఒప్పుకోవాలంటే ఏ తలుపులు మూయాలో ఒక్కొక్కటే ఆలోచించుకుంటూ, మనిషి మనసు తనను తాను మోసం చేసుకునే దారులన్నీ మూసేసింది. నేను ఆమెకు టీచర్ని అన్న మాట ఆ రోజు నుంచి కొంచెం జాగ్రత్తగా వాడుతున్నాను.

ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. బడి నుంచి ఇంటికి దిబ్బ మీదుగా పోయే దారి మానేసి, చుట్టూ తిరిగి పోయింది. చాటల్ని మిగతా పిల్లలే చూశారు, వాళ్ళే పుల్లలతో చేపల్ని తిరగేశారు. మూలనున్న చాటల్లో పురుగు మొదలైందని మునిశేఖర్ పరిగెత్తుకొచ్చి చెప్పాడు. వాటిలో ఏది ఎవరిదో నాకు తెలియదు. మధ్యలో ఉన్నవాటిలో కూడా ఒకదానికి పడితే, అది రవణమ్మదైతే? ఈ ఆలోచనతోనే ఆ రోజులు గడిచాయి.

దిబ్బ మీద

చేపలు ఎత్తే రోజు పాళెంలోని ఆడవాళ్ళందరూ వచ్చారు. రవణమ్మ దూరంగా, పడవ చాటున నిలబడింది. మధ్యలో ఉన్న మూడు చాటలూ గలగలలాడుతూ ఎండాయి. మూలలోని మూడింటికీ పురుగు పట్టింది, ఒకదానికి మరీ ఎక్కువ.

పోలేశ్వరి వచ్చి అవ్వ ముందు నిలబడింది. "అవ్వా, వీటిలో అత్తది ఏదో చెప్పు."

కామాక్షమ్మకు ఆలోచించే పని పడలేదు. పురుగు ఎక్కువ పట్టిన చాటను కాలితో చూపించి, "ఇది గాక ఇంకేంది? చూస్తేనే తెలుస్తా ఉండ్లా!" అంది. తర్వాత మధ్యలో బాగా ఎండిన చాట దగ్గరకు పోయి, ఒక చేపను విరిచి వాసన చూసి, "ఇది నాది. నా చెయ్యి నాకు తెలియదా" అంది.

పోలేశ్వరి రెండు చాటల్నీ ఎత్తి అడుగున కట్టిన గవ్వలు చూపించింది. పురుగు పట్టింది కామాక్షమ్మది. ఆమె విరిచి వాసన చూసింది రవణమ్మది.

కామాక్షమ్మ చేతిలో ఆ విరిచిన చేప అలాగే ఉంది. ఆ ముసలామె తల దించుకోవడం నేను చూడలేకపోయాను. అప్పుడు పోలేశ్వరి చేసిన పని చూడండి. గెలిచానని ఎగరలేదు. అవ్వ దగ్గరకు పోయి చెయ్యి పట్టుకుని, "తప్పు నీ చేతిది కాదవ్వా. ఆ మూలది" అంది.

తర్వాత అక్కడున్న అందరివైపూ తిరిగి, నెమ్మదిగా, తనకే అప్పుడు తోచినట్టుగా అంది. "పురుగు పడిందని అత్తని ఆ మూలకి పంపింది మనం. ఆ మూలలో ఉంది గాబట్టే మళ్ళా మళ్ళా పురుగు పడింది."

నా సర్వీసంతటిలో పిల్లలు చెప్పిన జవాబులు ఎన్నో విన్నాను. ఇంతటి జవాబు మరొకటి వినలేదు. మనుషులు మనుషులకు చేసే అన్యాయం చాలావరకు ఈ దారిలోనే నడుస్తుందని నాకు అరవై ఏళ్ళకు అర్థమైంది, అదీ ఆ పిల్ల చెబితే.

కామాక్షమ్మ చెయ్యి విడిపించుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటూ చెదిరిపోయారు. పడవ చాటుకు చూస్తే అక్కడ రవణమ్మ కూడా లేదు. ఆ తర్వాత చాలా రోజులు ఏ మార్పూ కనిపించలేదు. కొత్తగా చేరే మీకు ఈ మాట కూడా చెప్పాలి. రుజువు చూపిన మరుసటి రోజే లోకం మారిపోతుందని పిల్లలకు మాటివ్వకండి. నేను ఇవ్వలేదు. పోలేశ్వరి కూడా అడగలేదు, రోజూ దిబ్బ వైపు చూస్తూ మాత్రం బడికి వచ్చేది.

ఒక ఉదయం బస్సు దిగి బడి వైపు నడుస్తున్నాను. ముందు రోజు సముద్రం బాగా ఇచ్చింది. దిబ్బ నిండా ఆడవాళ్ళు నెత్తళ్ళు పరుస్తున్నారు. రవణమ్మ నీళ్ళ బిందె దించి, ఎప్పటిలాగే పోబోతోంది. దిబ్బ మధ్య నుంచి కామాక్షమ్మ అరిచింది, తిట్టినట్టుగానే.

"ఏందే రవణా, అట్నే పోతా ఉండావు? ఎండ పోతా ఉండాది, కనపడ్లా? రా, వచ్చి పరుచు!"

రవణమ్మ ఆగింది. తనను కాదేమో అన్నట్టు వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. మెల్లగా నడిచి వచ్చి దిబ్బ అంచున, ఇసుక మీద కాలు పెట్టకుండా నిలబడింది.

"యాడ పరచాల?"

"ఈడే" అంది కామాక్షమ్మ తలెత్తకుండా, తన చేపల్ని పక్కకు జరిపి చోటు చేస్తూ. "నా పక్కన."

రవణమ్మ కూర్చుంది. ఒక దోసెడు నెత్తళ్ళు తీసి ఇసుక మీదికి వంగి, మళ్ళీ ఆగింది.

"ఈడేనా అమ్మా?"